ఆటలోని నగరము, నగరములోని ఆట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



అష్టాదశ వర్ణనలలో పురవర్ణన మొదటిది. సముద్రము, పర్వతము, ఋతువులు, చంద్రోదయము మొదలగునవి దాని తరువాతివి. ప్రబంధము వ్రాయబూనిన కవి కథకు ముందు ఒక నగరమును కట్టవలెను. దాని కోటగోడలు ఆకాశము నంటవలెను, అగడ్తలు పాతాళమును తాకవలెను, మేడలపై కేతనము లాడవలెను. ఇట్లు తాటియాకుపై నగరము కట్టు వేడుక తెలుగువారికి క్రొత్తది కాదు. ఆ వేడుకనే కంప్యూటరు తెరపైకి దింపిన ఆట యొకటి కలదు. దాని పేరు సిమ్ సిటీ. అది 1989లో అమెరికాలో వెలువడినది. వీడియో ఆట యనగా తుపాకి కాల్పులు, కార్ల పరుగులు మాత్రమే యని తలచు పెద్దలు ఈ సభలో పలువు రుందురు. ఆ కాల్పులే లోకమని తలచు పిల్లలును ఉందురు. ఉభయులకును ఈ ఆట కథ వినదగినది.

విల్ రైట్ అను నతడు 1984లో ఒక యుద్ధపు ఆటను తయారు చేసెను. హెలికాప్టరులో తిరుగుచు శత్రువుల దీవులపై బాంబులు వేయుట అందలి పని. ఆ దీవులను తెరపై గీయుటకు అతడు తన సౌకర్యము కొఱకు ఒక పనిముట్టును కల్పించుకొనెను. దానితో దారులు, కర్మాగారములు, ఇండ్లు ఒక్కొక్కటిగా పెట్టుచు పోగా, పడగొట్టుటకంటె కట్టుటయే హాయిగా నున్నదని అతనికి తోచెను. అంతట ఆ పనిముట్టునే ఆటగా మార్చుటకు పూనుకొనెను. నగరములు పెరుగుట, చివుకుట అనువానిని సమీకరణములతో వివరించిన జే ఫారెస్టరు అను ఆచార్యుని గ్రంథము 1969లోనే వచ్చియుండెను. రైట్ దానిని శ్రద్ధగా చదివెను. ఆట సిద్ధమైన పిమ్మట ప్రచురణ సంస్థవారు పెదవి విరచిరి. గెలుపు లేదు, ఓటమి లేదు, ఇక దీనిని కొనువా రెవరని వారి సందేహము. కొన్ని సంవత్సరములు అది మూలబడి యుండెను. మొదట కాదన్న సంస్థయే తుదకు పంపిణీకి ఒప్పుకొనెను. ఆ తరువాత దానికి కలిగిన ఆదరము లోకవిదితము.

ఆట తీరు ఇట్టిది. ఆడువాడు ఆ నగరమునకు మేయరు. 1900వ సంవత్సరము జనవరి నెలలో అతని పాలన మొదలగును. తేలిక తరగతిలో ఖజానాలో 20,000 డాలర్లు ఉండును. కఠినమైన తరగతిలో అంతకంటె చాల తక్కువ. ఎదుట ఒక నది, కొన్ని చెట్లు, బీడునేల. ముందు విద్యుత్కేంద్రము కట్టవలెను. పిమ్మట ఆకుపచ్చ గడులను నివాసములకు, నీలి గడులను వ్యాపారమునకు, పసుపు గడులను పరిశ్రమలకు కేటాయింపవలెను. తీగ లాగి, దారి వేసినచో జనులు తమంతట తామే వచ్చి ఇండ్లు కట్టుకొందురు. పన్ను నూటికి 7 వంతున మొదలగును. సంవత్సరాంతమున తెరపై లెక్క వచ్చును. వచ్చిన పన్ను ఇంత, దారులకు ఇంత, రక్షకభటులకు ఇంత, అగ్నిమాపక దళమునకు ఇంత, నిలువ ఇంత అని జమాఖర్చు తేటగా కనబడును. పన్ను పెంచినచో జనులు లేచిపోవుదురు. తగ్గించినచో దారులు గుంతలు పడును. కర్మాగారము ప్రక్కన ఇండ్లు పెట్టినచో పొగకు వాని విలువ పడిపోవును. చెట్లు నాటినచో విలువ పెరుగును.

ఈ జమాఖర్చు పాఠము మెచ్చదగినది. దారి కావలెను, దీపము కావలెను, నీరు కావలెను, పన్ను మాత్రము వలదు అను వాదన పంచాయతీ సభలలో ఎంత ప్రసిద్ధమో అందరును ఎఱుగుదురు. అట్టి వాదము చేయువారు నాలుగు రాత్రులు ఈ ఆట ఆడినచో సభాకాలము సగము కలిసివచ్చును. ఇది పరిహాసమునకు చెప్పిన మాట కాదు. 1990లో అమెరికాలోని ప్రావిడెన్స్ నగరమున మేయరు పదవికి పోటీ చేసినవారిచేత అచ్చటి వార్తాపత్రికవారు ఈ ఆటను ఆడించి, ఎవరు ఎట్లు ఏలిరో ప్రకటించిరి. ఆ వ్రాత తన ఓటమికి కొంత కారణమైనదని ఒక అభ్యర్థిని తలచినదట! 2008లో ఈ ఆట మూలలిపి అందరికిని ఉచితమైనది. మైక్రోపోలిస్ అను పేరున అది దొరకును. ఒక పాత కంప్యూటరు గల గ్రంథాలయము ఏదైనను దానిని పైకము లేకుండ ఉంచుకొనవచ్చును.

ఇంతవరకు చెప్పినది గుణము. ఇక ఆలోచింపదగిన సంగతి.

ఈ ఆటలో ఎనిమిది పరీక్షలు కలవు. ఒక్కొక్క పరీక్షలో ఒక నగరము ఒక ఆపదలో నుండును. దానిని గట్టెక్కించుట ఆటగాని పని. 1906లో శాన్ ఫ్రాన్సిస్కోకు భూకంపము. అది నిజముగా జరిగినదే. 1944లో హాంబర్గునకు బాంబుల వాన. 1965లో బెర్న్ నగరమునకు వాహనముల రద్దీ. 1972లో డెట్రాయిటునకు నేరములు. 1957లో టోక్యోకు ఒక భూతము వచ్చును. అది చలనచిత్రములనుండి దిగినది కాబోలు. 2010లో బోస్టనునకు అణువిద్యుత్కేంద్రము ప్రేలుట, 2047లో రియో నగరమునకు సముద్రము పొంగుట అనునవి ఆట చేసినవారి ఊహలు. ఇవి ఏడు. ఎనిమిదవది డల్స్ విల్. ఆ పేరునకు విసుగుపురము అని యర్థము చెప్పుకొనవచ్చును. అది 1900 నాటి ఒక చిన్న యూరు. అందు భూకంపము లేదు, దోపిడి లేదు, వరద లేదు. దానికి వచ్చిన ఆపద విసుగు! ముప్పది సంవత్సరములలో దానిని మహానగరముగా మార్చినచో పరీక్ష గెలిచినట్లు.

భూకంపము, బాంబులు, అణుప్రమాదము ఉన్న పంక్తిలోనే చిన్న యూరును కూర్చుండబెట్టిరి. ఆట చేసినవారికి దురుద్దేశ మున్నదని అనరాదు. పెరుగుటయే ఆటయైనప్పుడు పెరుగనిది రోగముగా కనబడుట సహజము. కాని ఈ భావము ఆటతో ఆగలేదు. పదునెనిమిదేండ్ల పిల్లవానిని ఊరిలో ఏమున్నదిరా అని అడిగినచో ఏమియు లేదు, బోరు అనును. ఆ మాట అతనిది కాదు. ఊరిని ఎవరో మీదినుండి చూచి అన్న మాటను అతడు నేర్చుకొనినాడు.

మీదినుండి చూచుట అనునది ఇచ్చట ముఖ్యము. ఆటలోని మేయరు ఎన్నడును వీధిలో నడువడు. గ్రద్ద చూచినట్లు చూచును. ప్రబంధకవుల చూపును ఇట్టిదే. పెద్దన్నగారి మనుచరిత్రము అరుణాస్పద పురముతో మొదలగును. ఆకాశమును ముద్దిడు ప్రాకారములు చెప్పిన పిమ్మట బ్రాహ్మణులు, క్షత్రియులు, వైశ్యులు, శూద్రులు నలుగురును ఒక్క పద్యములో తలా ఒక పాదమున సర్దుకొందురు. ఒక్కొక్క జాతికి ఒక్కొక్క గుణము. ఆకుపచ్చ గడి, నీలి గడి, పసుపు గడి వంటిదే ఇదియు. ఇది తప్పని కాదు. కవికి అచ్చట కావలసినది నగరపు నక్ష మాత్రమే. అయితే పెద్దన్న మహాకవి గనుక నక్షతో నిలువలేదు. వెంటనే ప్రవరుని పేరు చెప్పి, అతని ఇంటికి కొనిపోయి, అతని తల్లిదండ్రులను, ఇల్లాలిని, వచ్చు అతిథులను చూపినాడు. ఆ ఇల్లు లేనిచో ఆ పురము ఎవరికి కావలెను?

తెలుగులో దీనికి ఎదురుచూపు ఒక్కటి కలదు. అది క్రీడాభిరామము. వినుకొండ వల్లభరాయని పేర నున్నది. శ్రీనాథునిదే యని వాదించువారును కలరు. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామమునకు అది తెలుగుసేత. అందు మంచనశర్మ, టిట్టిభసెట్టి అను మిత్రులిద్దరు ఓరుగల్లు వీధులలో ఒక దినమంతయు తిరుగుదురు. కథ యని చెప్పుకొనదగినది దాదాపుగా లేదు. తిరుగుటయే కథ. కోడిపందెము చూతురు, పొట్టేళ్ల పోరు చూతురు, ఏకవీరను కొలుతురు. పల్నాటి వీరుల కథను పాడు స్త్రీ యెదుట నిలుతురు. పూటకూళ్ల యింటికి పోయినప్పుడు ఒక్క రూకకు వడ్డించు పదార్థములు ఏవేవో కవి వరుసగా చెప్పును. కాకతీయుల కాలమున ఓరుగల్లు జనసంఖ్య ఎంతయో ఆ గ్రంథములో దొరకదు. పన్నెంతయో దొరకదు. ఒక్క రూకకు ఆకలి ఎట్లు తీరునో దొరకును. అందులో అసభ్యమని కొందరు పెద్దలు ముఖము చిట్లించు పద్యములు కలవు, నిజమే. అయినను ఓరుగల్లు ఎట్లుండెనో తెలిసికొన గోరిన చరిత్రకారులు ముందు ఆ గ్రంథమునే విప్పుచున్నారు. మీదినుండి చూచిన అరుణాస్పద పురమునకు పోవలెనని ఎవరికిని కోరిక కలుగదు. ఓరుగల్లునకు పోవలెననిపించును.

కంప్యూటరు నగరమును కట్టినవారును ఈ లోటు నెఱుగకపోలేదు. 1991లో ఓక్లండు కొండలలో చెలరేగిన అగ్నికి విల్ రైట్ ఇల్లు కాలిపోయెను. మరల సంసారము కూర్చుకొనుటలో మనుష్యునకు ఏ వస్తువు ఎందుకు కావలెనను ఆలోచన అతనికి కలిగినది. దాని ఫలముగా 2000లో ది సిమ్స్ అను మరియొక ఆట వచ్చెను. అందు నగరము లేదు. ఒక ఇల్లు, కొందరు మనుష్యులు, వారి ఆకలి, నిద్ర, ఒంటరితనము. నగరమును ఏలిన ఆటకంటె కాపురమును నడిపిన ఆటయే లోకమున ఎక్కువగా అమ్ముడుపోయినది.

2013లో క్రొత్త సిమ్ సిటీ వచ్చెను. ఈసారి పౌరులు అంకెలు మాత్రమే కాదు, ఒక్కొక్కడు ఒక్కొక్క మనిషి అని ప్రకటించిరి. ప్రతి మనిషికి పేరు కలదు. ఉదయమున ఇల్లు విడిచి పనికి పోవుట, సాయంకాలము మరలుట తెరపై కనబడును. సంతోషింపదగినదే. కాని కొన్ని దినములు పరిశీలించిన ఆటగాండ్రు ఒక వింతను కనిపెట్టిరి. ఉదయమున ఆ మనిషి ఏ కొలువు దగ్గరగా ఖాళీ యున్నదో అందు చేరును. సాయంకాలము ఏ ఇల్లు దగ్గరగా ఖాళీ యున్నదో అందు పోయి పరుండును. నిన్నటి ఇల్లు నేడు కాదు, నేటి పని రేపు కాదు. అతనికి పేరున్నది గాని ఇల్లు లేదు! ఆ కాలమున దీనిని గూర్చి ఇంటర్నెట్టులో ఎంతో పరిహాసము సాగినది.

ఆ నవ్వు హైదరాబాదు అమీరుపేట హాస్టలులో నుండు పిల్లవానికి అంత సులభముగా రాదు. ఒక గదిలో నాలుగు మంచములు, శిక్షణ ముగియగానే వేరొకచోట గది, ఉద్యోగము మారగానే మరియొక పేట. ప్రక్క మంచమువాని ఊరి పేరు తెలియక మునుపే వాడు ఖాళీ చేసి పోవును. వేళకు భోజనము లేదు. ఊరినుండి ఫోను వచ్చినప్పుడు మాత్రము బాగున్నానమ్మా అనును. ఆట వ్రాసినవారు ఇల్లును, కొలువును ముడివేయుట మఱచిరి. హైదరాబాదులో మాత్రము ఆ ముడి మఱపుచే ఊడినది కాదు. అద్దెలు, జీతములు కలిసి దానిని ఊడదీసినవి.

ఆ క్రొత్త ఆటనుండి మరి రెండు సంగతులు చెప్పి ముందుకు పోవలెను. మొదటిది. నగరమును నిజమైన కొలతలతో కట్టబోగా కార్లు నిలుపు స్థలములే ఎంతయో నేలను మ్రింగివేసినవట. చూచుటకు విసుగని వానిని ఆటనుండి తీసివేసిరి. కార్లుండును గాని అవి నిలుచు చోటు కనబడదు. నిజమైన పట్టణములో కంటికి ఎక్కువగా కనబడునదేదో దానినే తొలగింపవలసి వచ్చెను. రెండవది. ఆ ఆట ఆడుటకు ఇంటర్నెట్టు సంబంధము ఎల్లప్పుడు ఉండవలెనని నియమము పెట్టిరి. 2013 మార్చి 5న అమ్మకము మొదలు కాగానే సర్వర్లు జనభారమును మోయలేకపోయినవి. పైకము చెల్లించినవారు దినముల తరబడి వాకిటనే నిలిచిరి. ఇంటర్నెట్టు లేకుండ ఆడు వీలు 2014 మార్చిలో గాని కలుగలేదు. నగరము కట్టినవాడు ఒకడు, దాని తాళపుచెవి మరియొకని యొద్ద. రైతులకు ఈ అనుభవము ఆట కాదు. పొలము గట్టుపై తా నుండగా, ఆ పొలము లెక్క ఎచ్చటనో కంప్యూటరులో ఉండి, తెర తెరచుకొనక మీసేవ బల్లయొద్ద కూర్చుండిన దినములు పలువురికి జ్ఞాపక ముండును. తెలంగాణమున 2020లో ధరణి వచ్చినది, 2025లో దాని స్థానమున భూభారతి వచ్చినది. పేర్లు మారినను తెర తెరయే.

నగరమును మీదినుండి గీయుటకు తెలుగునాట పెద్ద నిదర్శనము అమరావతి. 217 చదరపు కిలోమీటర్లు, 29 గ్రామములు. 2015లో భూసమీకరణమునకు రైతులు 33,000 ఎకరములకు పైగా ఇచ్చిరి. మెట్ట ఎకరమునకు 1,000 గజముల నివాస స్థలము, 250 గజముల వ్యాపార స్థలము. జరీబు ఎకరమునకు వ్యాపార స్థలము 450 గజములు. పది సంవత్సరముల వరకు కౌలు. ఆ స్థలములను కంప్యూటరు లాటరీలో పంచిరి. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగినది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చి పనులు నిలిచినవి. 2022 మార్చిలో ఉన్నత న్యాయస్థానము తీర్పు వచ్చినది. 2024లో ప్రభుత్వము మారిన పిమ్మట పనులు మరల మొదలైనవి. ఇందు ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అనునది గ్రంథాలయ వేదికపై తేల్చదగినది కాదు. ఒక్క విషయము గమనింపవచ్చును. ఆటలో గడి మార్చినచో ఒక్క క్షణములో మారును, మరల మార్చినచో మరల మారును. ఇచ్చట నడుమ రైతులు గుడారములలో కూర్చుండిరి, పాదయాత్రలు చేసిరి, పంట వేయని నేలలో ముండ్లచెట్లు పెరిగినవి. ఒక మేలు మాత్రము చెప్పుకొనవలెను. సిమ్ సిటీలో పాత యిండ్లున్నచోట దారి వేయుటకు వానిని పడగొట్టుటయే మార్గము. అమరావతి నక్షలో గ్రామకంఠములను సమీకరణమునుండి విడిచిపెట్టిరి. ఊళ్లు ఊళ్లుగానే నిలిచినవి. రాజధాని పూర్తియైన నాడు ఆ ఊళ్ల వీధులు నగరమునకు విసుగుపురములుగా తోచునో, ఓరుగల్లు పూటకూళ్ల యిల్లువలె తోచునో చూడవలసి యున్నది.

ఇక నగరములోని ఆట. హైదరాబాదు వీధులలో ఎఱ్ఱచొక్కాలు, నారింజ చొక్కాలు తొడిగి మోటారు సైకిళ్లపై అన్నపు పొట్లములు చేర్చు పిల్లలను చూచియే యుందురు. వారిలో ఊళ్లనుండి పోయినవారు ఎందరో. బండికి ముందు సెల్ ఫోను బిగించియుండును. దానిలో నగరపు నక్ష మీదినుండి కనబడును. ఆ నక్షపై అతడు ఒక చిన్న బొమ్మ. అన్నము కొఱకు ఎదురుచూచువారు ఇంట కూర్చుండి ఆ బొమ్మ కదలుటను చూచుచుందురు. ఇన్ని పొట్లములు చేర్చినచో ఇంత అదనము, మరి రెండు చేర్చినచో మరి కొంత. మెచ్చిన నక్షత్రము లెన్ని, తగ్గిన నక్షత్రము లెన్ని. ఇది అచ్చముగా వీడియో ఆట పద్ధతి. అయితే ఆటలో చిన్నబండి దేనినైన గ్రుద్దుకొనినచో మరల మొదలిడవచ్చును. సిమ్ సిటీలో దారులపై పురుగులవలె ప్రాకు బండ్లలో ఒకదానికి ఎవరో ఒక తల్లి అన్నము మూతపెట్టి కూర్చుండి యున్నదని ఆ ఆట మేయరునకు తెలియదు. ఫోనులో బొమ్మను చూచువారికి తెలియుట కష్టము కాదు గాని, తెలిసికొను తీరిక లేదు.

ఆ పిల్లలు కూడ రాత్రి గదికి చేరి ఆటయే ఆడుదురు. పగలు తన్ను ఆడించిన ఫోనునే రాత్రి తాను ఆడించును. 2020 సెప్టెంబరులో పబ్జీ అను కాల్పుల ఆటను నిషేధించినప్పుడు పలువురు తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకొనిరి. దానిని పోలినది 2021లోనే వేరొక పేరున వచ్చినది. డబ్బు పందెపు ఆటలను తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను నిషేధించినవి. 2025 ఆగస్టులో దేశమంతటికి చట్టమైనది. ఆ జూదమును గూర్చి సభాపర్వము చదివినవారికి వేరుగా చెప్పవలసిన పని లేదు. ధర్మరాజు ఆడినప్పుడు కనీసము సభ నిండుగ నుండెను. విదురుడు వలదని అనగలిగెను. నడిరాత్రి దుప్పటిలో ఆడువానికి ఎదుట శకుని యున్నాడు గాని విదురుడు లేడు.

తుపాకి ఆటలకంటె, రమ్మీకంటె ఆలోచింపదగినది ఇంటర్నెట్టు ఇచ్చిన పాదలేపము. ప్రవరునకు సిద్ధుడు పసరు పూసినాడు. క్షణములో హిమాలయమున నిలిచినాడు. చూడదలచినవి అన్నియు చూచినాడు. మంచుకు పసరు కరగినది. పోవుటకు పనికివచ్చిన మందు మరలుటకు పనికిరాలేదు. ఈనాటి పిల్లలకు ఆ పసరు అరచేతిలో నున్నది. కుప్పము పిల్లవాడు కొరియా పాట పాడును, ఆదిలాబాదు పిల్ల స్పెయిను వీధులను ఇంటిముంగిలివలె ఎఱుగును. ఇది సామాన్యమైన వరము కాదు. దీనిని నిందించువారు ప్రవరుడు యాత్రికులను అడిగిన ప్రశ్నలను జ్ఞాపకము చేసికొనవలెను. దూరదేశముల మాట వినవలెనను ఆశ అతనికి కలిగినది పసరు దొరకిన పిమ్మట కాదు, ఇంట అతిథులకు అన్నము పెట్టుచున్న నాడే. గ్రంథాలయములు పుట్టినదియు ఆ యాశవలననే. కాని ప్రవరునకు ఇల్లు ఎచ్చట నున్నదో తెలియును. పసరు కరగిన తరువాత అతడు వరూధిని నడిగినది ఊరికి పోవు దారి. ఆ దారి యెటో తెలియని పిల్లవానికి పసరు కరగినచో ఏమి యడుగవలెనో కూడ తెలియదు.

ఊరికి కూడ మీదినుండి చూచిన చిత్రము ఒకటి ఉన్నది. సర్వే నంబర్లు, కొలతల పుస్తకము, అడంగలు. అందు ఒక్క సెంటు పోదు. 1984లో ఆంధ్రప్రదేశమున కరణముల పదవి రద్దగు వరకు ఆ పుస్తకములు ఊళ్లలో చెక్కపెట్టెలలో నుండెడివి. నేడు వేరుచోట నున్నవి. ఎచ్చట నున్నను వానిలో ఉండునది గడియే. ఏ నంబరు మెట్ట, ఏ నంబరు మాగాణి, శిస్తెంత. ఆ నంబరును ఊరివారు ఏమని పిలుతురో అందు లేదు. కుమ్మరికుంట చేను, దొంగలబావి మిట్ట, పెద్దమ్మ చెలక వంటి పేర్లు ప్రతి యూరిలో నుండును. వానిని తెలిసినవారు డెబ్బది దాటినవారు. ఫోనులోని నక్షను ఎంత పెద్దది చేసినను ఆ పేర్లు కనబడవు. వ్రాసినవారు లేరు గనుక.

ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా ఇతరులు వ్రాసిన పుస్తకములను కొని యుంచినది. ఇరువదియాఱవ యేట ఒక్క పుస్తకమును తానే వ్రాయించుకొనవచ్చును. వెల పెద్దది కాదు. రెండువందల పుటల గట్టి అట్ట నోటుపుస్తకము చాలును. ఎండకాలపు సెలవులలో హైదరాబాదునుండి, బెంగళూరునుండి వచ్చు పిల్లలు ఇద్దరిద్దరు చొప్పున, మంచనశర్మ టిట్టిభసెట్టుల వలె, ఒక పెద్దను వెంటబెట్టుకొని ఊరంతయు కాలినడకను తిరుగవలెను. ఏ బావి ఎవరు త్రవ్వించిరి, ఏ చింతక్రింద సంత జరిగెడిది, ఏ గట్టుమీదుగా రైలుకు పోయెడివారు, కాఫీ హోటలులో ఇడ్డెన అణాకు ఎన్ని వచ్చెడివి అని అడిగి వ్రాయవలెను. ఏ సర్వే నంబరునకు ఏ పేరో ఎదురెదురుగా రెండు వరుసలలో వ్రాసినచో చూచువారికి సుళువు. ఫోటోలు తీయుటకు ఫోను ఎట్లును చేతిలో నుండును. మొదటి పుటలకు పడమటి వీధి చాలును. అచ్చట చెప్పగలవారు ఇంక నలుగురున్నారు.